సీటు చూశాకే పాయింట్లు కదపండి: క్రెడిట్ కార్డు పాయింట్లను విమాన మైళ్లుగా మార్చుకునే పద్ధతి

పోయిన వేసవిలో మా అక్క సింగపూర్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లాలనుకుంది. బావకు ముత్తుకూరు వైపు రొయ్యల చెరువులున్నాయి. ఆయన క్రెడిట్ కార్డులో పాయింట్లు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. "తమ్ముడూ, వాటితో విమానం టికెట్ వస్తుందట కదా, ఎలాగో చూసి పెట్టు" అంటూ అక్క రెండు పాస్‌పోర్టులు, కార్డు ఒక సంచిలో వేసుకుని నెల్లూరు పొగతోటలోని నా మందుల దుకాణానికి వచ్చింది. టికెట్ చేతికి రావడానికి పదకొండు రోజులు పట్టింది. అందులో పది రోజులు పేర్లు సరిచేసుకోవడానికి, సీటు వెతకడానికే సరిపోయాయి. పాయింట్లు బదిలీ చేసే పని అయిదు నిమిషాలది.

చాలామంది ఈ వరసను తిరగేస్తారు. నేనూ తిరగేసినవాడినే. కొన్నేళ్ల కిందట ఒక విమాన సంస్థ, ఫలానా తేదీలోపు పాయింట్లు పంపితే అదనంగా మైళ్లు కలుపుతామంది. మైళ్లంటే విమాన సంస్థ తన సభ్యుల ఖాతాలో వేసే పాయింట్లు, డబ్బుకు బదులు వాటితో టికెట్ తీసుకోవచ్చు. సీటు ఉందో లేదో చూడకుండా 40,000 పాయింట్లు పంపేశాను. నాకు కావలసిన వారంలో ఒక్క సీటూ లేదు. ఆ తర్వాత వెళ్లే అవసరం పడలేదు. మూడేళ్లకు మైళ్ల గడువు తీరి ఖాతాలో సున్నా కనిపించింది. మబ్బుల్లో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవడమంటే అదే. బ్యాంకు నుంచి ఒకసారి విమాన సంస్థకు వెళ్లిన పాయింట్లు తిరిగి బ్యాంకుకు రావు. ఈ పనిలో కీలకమంతా ఈ ఒక్క మాటలో ఉంది కాబట్టి మిగతా మెట్లన్నీ దీని చుట్టూనే పెడుతున్నాను.

మొదటి మెట్టు: మీ దగ్గర ఉన్నవి ఏ పాయింట్లు, ఎవరివి?

కార్డులు మూడు రకాలు. కొనుగోలులో కొంత శాతాన్ని డబ్బుగా వెనక్కి ఇచ్చే కార్డులు మొదటి రకం. వీటితో మైళ్లకు సంబంధం లేదు. విమాన సంస్థ పేరుతోనే వచ్చే కార్డులు రెండో రకం. వీటిలో మైళ్లు నేరుగా ఆ సంస్థ ఖాతాలోనే పడతాయి, బదిలీ అక్కర్లేదు. మూడో రకం బ్యాంకు సొంత పాయింట్లు ఇచ్చే కార్డులు. మనం మాట్లాడుకునేది వీటి గురించే. హెచ్‌డీఎఫ్‌సీ, యాక్సిస్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వంటివి తమ కార్డుల్లో కొన్నింటికి ఈ బదిలీ సౌకర్యం ఇస్తున్నాయి. ఒకే బ్యాంకులో ఒక కార్డుకు ఒక పాయింటుకు ఒక మైలు వస్తే, దానికంటే కింది స్థాయి కార్డుకు రెండు పాయింట్లకు ఒక మైలు రావచ్చు. అందుకే పక్కింటివారి లెక్క మీకు పనికిరాదు. మీ కార్డు పేరుతోనే బ్యాంకు రివార్డుల పేజీలో నిష్పత్తి చూసుకోండి.

అక్క చేతిలో ఉన్నది బావ ఖాతాకు అనుబంధంగా తీసుకున్న కార్డు. దాని మీద అక్క పేరే ఉంటుంది, చీరలు కొన్నా సరుకులు కొన్నా గీకేది అక్కే. పాయింట్లు మాత్రం అసలు కార్డుదారుడైన బావవి. "ఇన్నాళ్లూ నేను ఖర్చుపెడితే పాయింట్లు ఆయనవా?" అని అక్క కాసేపు కోపగించుకుంది. కోపం న్యాయమైనదే, నిబంధన మారదు. బ్యాంకు ఆ పాయింట్లను బావ పేరు మీదున్న విమాన ఖాతాకే, అంటే విమాన సంస్థలోని సభ్యత్వ ఖాతాకే పంపుతుంది.

రెండో మెట్టు: మార్చడం అసలు లాభమేనా?

పాయింటును విమాన మైలుగా మార్చడమే దానికి అత్యుత్తమ ఉపయోగమని కార్డులు అమ్మేవారు చెబుతుంటారు. ఎప్పుడూ కాదు. ఉదాహరణకు హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫినియా కార్డులో 150 రూపాయల కొనుగోలుకు 5 పాయింట్లు వస్తాయి. ఆ పాయింటును బిల్లులో తగ్గించుకుంటే 30 పైసలు, బ్యాంకు సొంత పోర్టల్‌లో విమాన టికెట్‌కు వాడుకుంటే ఒక రూపాయి. కాబట్టి ఆ కార్డుదారుడికి మైలు విలువ రూపాయి దాటితేనే బదిలీకి అర్థం ఉంటుంది.

విలువ కట్టే పద్ధతి తేలిక. టికెట్‌ను డబ్బుతో కొంటే ఎంతో రాసుకోండి. మైళ్లతో తీసుకున్నా పన్నులు, రుసుములు చెల్లించక తప్పదు కాబట్టి వాటిని తీసేయండి. మిగిలినదాన్ని మైళ్ల సంఖ్యతో భాగించండి. టికెట్ 60,000 రూపాయలు, మైళ్లతో తీసుకుంటే 30,000 మైళ్లు, పైన 9,000 రూపాయల పన్నులు అనుకుందాం. 60,000లో 9,000 పోతే 51,000. దాన్ని 30,000తో భాగిస్తే మైలుకు రూపాయి డెబ్బై పైసలు. మీ కార్డు రెండు పాయింట్లకు ఒక మైలు ఇచ్చేదైతే పాయింటుకు 85 పైసలే. ఈ రెండో భాగహారాన్ని మరిచిపోయి లాభపడ్డామనుకునేవారు చాలామంది.

ఇంకో మోసం మన మనసు చేస్తుంది. బిజినెస్ తరగతి టికెట్ ధర రెండు లక్షలు, మైళ్లతో వచ్చేసింది కాబట్టి రెండు లక్షలు మిగిలాయని లెక్కవేస్తాం. చేతి డబ్బు పెట్టి ఆ టికెట్ ఎన్నడూ కొనం. మనం నిజంగా కొనే టికెట్ ధరతో పోల్చితేనే లెక్క నిలబడుతుంది.

బావ విషయంలో మరొకటి బయటపడింది. రొయ్యల మేత కొన్నప్పుడు కార్డు గీకితే దుకాణదారు రెండు శాతం అదనంగా తీసుకుంటున్నాడు. దాని మీద వచ్చే పాయింట్ల విలువ రూపాయికి పైసా కూడా లేదు. పాయింట్ల కోసం రెండు రూపాయలిచ్చి ఒక రూపాయి కొనుక్కుంటున్నట్టు. పైగా వ్యక్తిగత కార్డును వ్యాపారానికి వాడుతున్నారని బ్యాంకు భావిస్తే పాయింట్లు నిలిపివేసే నిబంధన చాలా కార్డుల్లో ఉంది. పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో డబ్బు వేయడం వంటివాటికి పాయింట్లు రావడమే అరుదు. ఇక బిల్లు పూర్తిగా కట్టకుండా వడ్డీ మోస్తున్నవారు ఈ వ్యాసాన్ని ఇక్కడే ఆపేయవచ్చు. ఏ మైలూ ఆ వడ్డీకి సాటిరాదు.

మూడో మెట్టు: ఏ విమాన సంస్థ?

నెల్లూరులో విమానాశ్రయం లేదు, ఒంగోలులోనూ లేదు. విదేశీ ప్రయాణానికి నెల్లూరు వారికి చెన్నై దగ్గర, జాతీయ రహదారి 16 మీద సుమారు 175 కిలోమీటర్లు. దేశంలో తిరగడానికైతే రేణిగుంట ఉంది. ఒంగోలు వారు గన్నవరం వైపో, శంషాబాద్ వైపో, చెన్నై వైపో చూస్తారు. కాబట్టి ముందు మీరు ఎక్కే ఊరు తేల్చుకుని, అక్కడి నుంచి మీ గమ్యానికి ఎవరి విమానాలున్నాయో చూడండి. చెన్నై నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఎమిరేట్స్, ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, లుఫ్తాన్సా, శ్రీలంకన్ వంటివి ఎగురుతాయి.

ఇక్కడ తెలుసుకోవలసింది కూటముల సంగతి. విమాన సంస్థలు మూడు పెద్ద కూటములుగా ఉన్నాయి. స్టార్ అలయన్స్‌లో ఎయిర్ ఇండియా (2014 నుంచి), సింగపూర్, లుఫ్తాన్సా, థాయ్, టర్కిష్, యునైటెడ్ ఉన్నాయి. వన్‌వరల్డ్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్, కేథే పసిఫిక్, శ్రీలంకన్ ఉన్నాయి. స్కైటీమ్‌లో ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్‌ఎం ఉన్నాయి. ఒక సంస్థ మైళ్లతో అదే కూటమిలోని మరో సంస్థ విమానం ఎక్కవచ్చు. చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం చేసే మిత్రుడొకరు ఏటా సెప్టెంబరులో ఇటలీలోని వెరోనాలో జరిగే రాతి ప్రదర్శనకు వెళతారు. ఆయన పాయింట్లను సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి మైళ్ల పథకమైన క్రిస్‌ఫ్లయర్‌కు పంపి, ఎక్కేది మాత్రం చెన్నై నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా విమానం. మీ కార్డు నుంచి నేరుగా పంపలేని సంస్థ విమానం కావాలంటే దారి ఇదే.

సంస్థను ఎంచుకునేటప్పుడు ఇంధన సర్‌ఛార్జిని, అంటే ఇంధనం పేరుతో వేసే అదనపు రుసుమును తప్పక చూడాలి. కొన్ని సంస్థలు మైళ్ల టికెట్ మీద కూడా దీన్ని వేలల్లో వసూలు చేస్తాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన సొంత విమానాలకు గట్టిగానే వేస్తుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన సొంత విమానాల్లో మైళ్ల టికెట్లకు 2017లో దీన్ని ఎత్తేసింది. ఉచిత టికెట్ అనుకుని చివరి తెరమీద ఇరవై వేలు చూసి ఉలిక్కిపడేవారంతా ఈ సంగతి తెలియనివారే.

నాలుగో మెట్టు: ఖాతా తెరవడం, పేర్లు కలపడం

విమాన సంస్థ వెబ్‌సైటులో సభ్యత్వం ఉచితం. పది నిమిషాల పని. అసలు తలనొప్పి పేరు దగ్గర మొదలవుతుంది.

బ్యాంకులో పేరు, విమాన ఖాతాలో పేరు ఒకటై ఉండాలి. విమాన ఖాతాలో పేరు, పాస్‌పోర్టులో పేరు ఒకటై ఉండాలి. మన పేర్లు ఈ మూడింటిలో మూడు రకాలుగా ఉంటాయి. దుకాణం కౌంటరు మీద కార్డు, పాస్‌పోర్టు, ఫోను పక్కపక్కన పెట్టి చూశాను. బావ కార్డు మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, దాని గడిలో అది ఉంది. మేనల్లుడు ఎప్పుడో తెరిచిపెట్టిన విమాన ఖాతాలో ఇంటిపేరును మొదటి పేరుగా, అసలు పేరును చివరి పేరుగా తారుమారు చేశాడు. మనకు ఇంటిపేరు ముందు రావడం అలవాటు కాబట్టి అతని తప్పేమీ లేదు. ఫారంలో చివరి పేరు అన్న గడిలో ఇంటిపేరే రాయాలని ఎవరూ చెప్పలేదు.

సరిచేసుకునే వరస ఇది. పాస్‌పోర్టును ప్రమాణంగా పెట్టుకోండి. విమాన ఖాతాను దాని ప్రకారం తెరవండి. ఇదివరకే తప్పుగా తెరిచి ఉంటే పాస్‌పోర్టు ప్రతి పంపి మార్పించండి. మాకు దీనికి ఆరు రోజులు పట్టింది. తర్వాత బ్యాంకులో పేరు చూడండి. కార్డు మీద ముద్రించిన పేరు వేరు, బ్యాంకు రికార్డులో ఉన్న పేరు వేరు. కార్డు మీద చోటు చాలక కుదిస్తారు. రికార్డులో పూర్తి పేరు ఉంటే ఇబ్బంది లేదు. బావది రికార్డులో సరిగానే ఉంది. రికార్డులోనే పొడి అక్షరాలుంటే గుర్తింపు పత్రంతో శాఖకు వెళ్లి మార్పించుకోవాలి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు మన వైపు చాలామందే ఉన్నారు. పేరంతా ఒకే గడిలో ఉంటుంది. అందులోనూ పేరు ఒకే పదమైతే దుబాయ్ వైపు వెళ్లేవారికి ఇంకో చిక్కు. 2022 నవంబరులో యూఏఈ, ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని చెప్పింది. మైళ్ల సంగతి ఎలా ఉన్నా పాస్‌పోర్టు సరిచేయించుకోవడం మంచిది.

పాయింట్లు ఒకరివి, ప్రయాణం మరొకరిది అయినప్పుడు విమాన సంస్థ నిబంధన చదవాలి. క్రిస్‌ఫ్లయర్‌లో ఖాతాదారుడు అయిదుగురి వరకు నామినీలుగా చేర్చుకుని వారికి టికెట్ తీయవచ్చు. బావ ఖాతాలో అక్కను అలాగే చేర్చాం. అక్కడ కూడా పాస్‌పోర్టులో ఉన్న పేరే, అక్షరం తప్పకుండా. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్ రెండింటి మైళ్లూ ఏవియోస్ పేరుతోనే ఉంటాయి. ఒకే వ్యక్తి ఖాతాలను కలుపుకుంటే అటూ ఇటూ రుసుము లేకుండా మార్చుకోవచ్చు. అందుకూ పేరు, పుట్టిన తేదీ, మెయిలు సరిపోవాలి.

అయిదో మెట్టు: సీటు వెతకడం

విమానంలో ఖాళీ ఉన్నంత మాత్రాన మైళ్లకు ఇవ్వరు. మైళ్లకు కేటాయించిన సీట్లు వేరుగా, కొద్దిగా ఉంటాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ సుమారు 355 రోజుల ముందే వాటిని తెరుస్తాయి. ఒకే సీటుకు వేర్వేరు రేట్లు కూడా ఉంటాయి. క్రిస్‌ఫ్లయర్‌లో సేవర్ అనేది తక్కువ మైళ్ల సీటు, అడ్వాంటేజ్ అనేది ఎక్కువ మైళ్లది. సేవర్ లేకపోతే వెయిటింగ్ జాబితాలో పేరు పెట్టవచ్చు. దాని మీద ఆశపడి పాయింట్లు మాత్రం పంపకండి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత దీని కోసమే పుట్టిందేమో.

సభ్యత్వం తెరిచాక ఖాతాలోకి వెళ్లి, టికెట్ బుకింగ్ పేజీలో మైళ్లతో అన్న గడిని ఎంచుకుని తేదీలు చూడండి. మైళ్లు లేకపోయినా సీట్లు కనిపిస్తాయి. ఒక్క తేదీ పట్టుకుని కూర్చోకండి. అక్కకు శుక్రవారం రాత్రి విమానం కావాలి. వారం వారం శుక్రవారాలన్నీ చూశాం, సేవర్ లేదు. మంగళవారం చూస్తే రెండు ఉన్నాయి. మే, జూన్ నెలల్లోనూ, అమెరికా పిల్లలు ఇళ్లకు వచ్చే డిసెంబరులోనూ, సంక్రాంతి చుట్టుపక్కలా మైళ్ల సీట్లు దొరకడం కష్టం. పండుగకు రావలసినవారు అంతకు ముందటి సంక్రాంతి ముగియగానే చూడటం మొదలుపెట్టాలి.

మైళ్ల టికెట్లలో వెళ్లేది, వచ్చేది విడివిడిగా తీసుకోవచ్చు. వెళ్లేటప్పుడు మైళ్లు, వచ్చేటప్పుడు డబ్బు అనుకునేముందు ఒకవైపు టికెట్ ధర చూడండి. పెద్ద సంస్థల్లో ఒకవైపు టికెట్ రానుపోను టికెట్‌కు దగ్గర దగ్గరగా ఉంటుంది. అలాంటప్పుడు మిగిలేదేమీ ఉండదు.

ఆరో మెట్టు: పాయింట్లు పంపడం

సీటు దొరికింది, తేదీ ఖాయం, వీసా సంగతి తేలింది. ఇప్పుడే పంపాలి.

బ్యాంకు రివార్డుల పోర్టల్‌లోకి వెళ్లండి. విమాన మైళ్లు లేదా బదిలీ భాగస్వాములు అన్న విభాగంలో సంస్థను ఎంచుకోండి. సభ్యత్వ సంఖ్యను చేత్తో కొట్టకుండా విమాన ఖాతా నుంచి కాపీ చేసి అతికించండి. అంకె తప్పితే పాయింట్లు ఎక్కడికి పోయాయో వెతుక్కోవాలి. పంపే పాయింట్లకు కనీస సంఖ్య, నెలకో ఏడాదికో గరిష్ఠ పరిమితి ఉంటాయి. తర్వాత బ్యాంకులో నమోదైన ఫోనుకు ఓటీపీ వస్తుంది. బావ ఫోను చెరువు గట్టున ఉంది, సిగ్నల్ లేదు. మూడు ఓటీపీలు గడువు తీరిపోయాక ఆయనను ముత్తుకూరు సెంటరుకు రమ్మని అక్కడి నుంచి చెప్పించుకున్నాం. పంపే రోజున ఫోను పక్కనే ఉండాలన్నది రాసిపెట్టుకోండి.

చాలా బ్యాంకులు బదిలీకి రుసుము తీసుకుంటాయి, దాని మీద 18 శాతం జీఎస్‌టీ అదనం. రుసుము రెండుసార్లు పడినా సరే, మొదటిసారి పంపేవారు ముందు కనీస సంఖ్య మాత్రమే పంపి చూడాలని నా అభిప్రాయం. అది సరిగా చేరితే మిగతాది పంపండి. మేమలాగే చేశాం. పేరు తేడా వల్ల ఆగిపోవలసి వస్తే కొద్ది పాయింట్లతోనే ఆగుతుంది.

మైళ్లు కొన్ని సంస్థలకు నిమిషాల్లో చేరతాయి, కొన్నింటికి పని రోజులు పడతాయి. ఆలోపు సీటు వేరొకరు తీసుకుపోవచ్చు. అందుకే దగ్గరి తేదీల్లో మరో రెండు సీట్లు చూసిపెట్టుకుని, పక్కన రాసుకుని బదిలీ నొక్కండి. బదిలీ తెరను, సూచన సంఖ్యను ఫోటో తీసి ఉంచుకోండి.

ఏడో మెట్టు: టికెట్ తీయడం, ఎక్కడం

మైళ్లు చేరాక ఆలస్యం చేయవద్దు. ప్రయాణికుల వివరాల దగ్గర నామినీ పేరు ఎంచుకుని పన్నులు కార్డుతో చెల్లించండి. రద్దు చేస్తే ఎంత రుసుమో, మైళ్లు తిరిగి వస్తాయో ఆ పేజీలోనే రాసి ఉంటుంది. గడువు తీరిన మైళ్లు రద్దు తర్వాత కూడా తిరిగి రాకపోవచ్చు.

రైల్లో చెన్నై చేరాలనుకునేవారికి ఒక మాట. రైలు టికెట్, విమాన టికెట్ రెండూ వేర్వేరు ఒప్పందాలు. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఆలస్యమైతే విమాన సంస్థకు సంబంధం లేదు, విమానం తప్పితే మైళ్లూ పోవచ్చు. అక్క ముందు రోజే చెన్నై వెళ్లి చుట్టాలింట్లో ఉంది.

మోసాల సంగతి

"మీ పాయింట్లు ఈ రాత్రికి గడువు తీరుతాయి, ఈ యాప్ వేసుకోండి" అంటూ వాట్సాప్‌లో వచ్చే సందేశాలు మా దుకాణానికి వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి వచ్చాయి. ఏ బ్యాంకూ వాట్సాప్‌లో యాప్ ఫైలు పంపదు. పాయింట్లు బదిలీ చేయిస్తామని ఫోన్ చేసి ఓటీపీ అడిగితే అది పాయింట్ల కోసం కాదు, మీ ఖాతా కోసం. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

మిగిలిన మైళ్లు

టికెట్ తీశాక ఖాతాలో కొంచెం మిగులుతుంది. క్రిస్‌ఫ్లయర్ మైళ్లు 36 నెలలకు గడువు తీరతాయి, మధ్యలో వాడినా ఆ గడువు మారదు. ఏవియోస్ ఖాతాలో 36 నెలలు ఏ కదలికా లేకపోతేనే పోతాయి. యునైటెడ్ మైళ్లకు గడువే లేదు. దాచుకుందాం అనుకునేవారు విమాన సంస్థల చరిత్ర కూడా గుర్తుంచుకోవాలి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఎగరడం మానేసింది. 2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, దాని సభ్యుల పాయింట్లు ఎయిర్ ఇండియా ఖాతాల్లోకి వెళ్లాయి. దాచుకోవలసి వస్తే బ్యాంకులోనే దాచుకోవడం మేలు. అక్కడ ఉన్నంతసేపు ఏ సంస్థకు పంపాలన్నది మన చేతిలో ఉంటుంది.

బావ ఖాతాలో 1,400 మైళ్లు మిగిలాయి. వాటితో ఏ టికెట్టూ రాదు. అయినా ప్రతి నెలా మొదటి తేదీన అక్క ఫోన్ చేసి "పాయింట్లు ఎంత వచ్చాయి?" అని అడుగుతుంది. మేత దుకాణంలో మాత్రం కార్డు గీకవద్దని బావకు ఆమే చెప్పింది.